ఒత్తిగిలి పడుకునేవాళ్ళూ, గట్టి పరుపు చరిత్రా



మనవాళ్ళ ఇళ్ళల్లో నడుంనొప్పి మాట వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు తప్పకుండా ఓ సలహా పడేస్తారు. "మెత్తటి పరుపు మానెయ్యండి, గట్టిదానిమీద పడుకోండి, వీలైతే కటిక నేలమీద పడుకోండి" అని. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మంచి గది ఇచ్చి, వెయ్యి డాలర్లు పోసి కొన్న పరుపు వేసి పెడితే, మూడో రోజుకల్లా వాళ్ళు దుప్పటి తీసుకుని కార్పెట్ మీదకి దిగిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. అడిగితే, "మాకు ఈ మెత్తదనం పడదురా, మా డాక్టరుగారు చెక్కబల్ల మీద పడుకోమన్నారు" అంటారు. మరి అదే చెక్కబల్ల మీద ఒత్తిగిలి పడుకున్న మనిషికి భుజం ఎందుకు తిమ్మిరెక్కుతుందో, పొద్దున్నే తుంటి ఎందుకు సలుపుతుందో ఆ డాక్టరుగారు చెప్పి ఉండరు.

ఈ గట్టి పరుపు సలహా ఎక్కణ్ణుంచి వచ్చింది, దాన్ని ఎవరైనా పరీక్షించి చూశారా, పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి అది ఎంతవరకు పనికొస్తుంది అన్నది ఇవాళ్టి విషయం. నేను డాక్టర్ని కాను. సోమవారం విమానం ఎక్కి గురువారం రాత్రి ఇంటికి చేరే సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. వారానికి మూడు రాత్రులు హోటలు పరుపుల మీద పడుకునేవాడికి పరుపుల చరిత్ర మీద ఆసక్తి పుట్టడంలో వింతేమీ లేదు కదా!

మనిషి మెత్తటి పడక కోసం వెతకడం ఇవాళ్టి సంగతి కాదు. దక్షిణాఫ్రికాలో సిబుడు అనే గుహలో 77,000 ఏళ్ళ నాటి పడకలు బయటపడ్డాయి. తుంగజాతి గడ్డి పరిచి, దానిమీద పురుగుల్ని దూరంగా ఉంచే ఆకులు పరుచుకున్నారట. ఈ పరిశోధన 2011లో అచ్చయింది. అంటే కటిక నేలమీద పడుకోవడం మన పూర్వీకుల సహజ లక్షణం, పరుపు అనేది నాగరికత తెచ్చిన జబ్బు అనే వాదన అంత నిలబడేది కాదు. చేతనైనప్పుడల్లా మనిషి ఒంటికింద ఏదో ఒకటి వేసుకుంటూనే వచ్చాడు.

ఇక మన దేశానికొస్తే, 14వ శతాబ్దంలో వచ్చిన ఇబన్ బతూతా మన మంచాల గురించి ప్రత్యేకంగా రాశాడు. ఒక్క మనిషి మోసుకుపోగలిగినంత తేలిక అని, నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, మధ్యలో పట్టుతోనో నూలుతోనో అల్లిక ఉంటుందని, ఆ అల్లికే సాగుతుంది గనక పైన మెత్తగా ఇంకేమీ వేసుకోనక్కర లేదని ఆయన గమనించాడు. అచ్చంగా మన నులక మంచం, నవారు మంచమే కదండీ! ఆరువందల ఏళ్ళ తర్వాత కూడా మన ఊళ్ళల్లో అదే మంచం. దాని గొప్పతనం మనం ఎప్పుడూ ఆలోచించలేదు గానీ, నులక కుంగితే కాళ్ళవైపు తాడు లాగి బిగించేవాళ్ళు. వదులు కావాలంటే వదిలేవాళ్ళు. రిమోట్ నొక్కితే గట్టిదనం మారే గాలి పరుపుల్ని ఇవాళ ఇక్కడ రెండుమూడు వేల డాలర్లకి అమ్ముతున్నారు. మన తాతలకి ఆ రిమోట్ మంచం కాళ్ళ దగ్గర తాడు రూపంలో ఉండేదన్నమాట.

పరుపు సంగతికొస్తే పత్తి దూది, బూరుగు దూది. ఏడాదికో రెండేళ్ళకో దూది అణిగి ఉండలు కట్టేది. అప్పుడు దూదేకులవాళ్ళు పెద్ద విల్లు భుజాన వేసుకుని వచ్చేవాళ్ళు. పరుపు విప్పి, పత్తిని ఆ నారితో మీటి, మళ్ళీ పొంగించి కుట్టి ఇచ్చేవాళ్ళు. ఆ నారి మోత విన్నవాళ్ళు మన శ్రోతల్లో ఉండే ఉంటారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మన పరుపు పాడైతే బాగు చేసుకునేది. కుంగిన పరుపుతో ఏళ్ళ తరబడి కాపురం చెయ్యాల్సిన అవసరం లేదు. అలా చెయ్యాల్సి రావడం ఫ్యాక్టరీ పరుపుతో వచ్చింది. మన కథలో ఆ కుంగుడే అసలు ముద్దాయి.

అమెరికాలో కూడా మొదట్లో దూది పరుపులే. టెక్సాస్‌లో సీలీ అనే చిన్న ఊళ్ళో 1881లో డేనియల్ హేన్స్ అనే ఆయన దూది పరుపులు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన అసలు వృత్తి పత్తి గింజలు తీసే జిన్నులు కట్టడం. ఆ ఊరి పేరే ఇవాళ షాపుల్లో కనబడే సీలీ. ఇంచుమించు అదే కాలంలో విస్కాన్సిన్‌లోని కెనోషాలో జాల్మన్ సిమ్మన్స్ ఇనప తీగెల్ని వలలా అల్లిన పడకల్ని మిషన్ల మీద చవగ్గా తయారు చేయించాడు. 1900 నాటికి కెనడాలో జేమ్స్ మార్షల్ ఒక్కో స్ప్రింగునీ ఒక్కో గుడ్డసంచిలో కుట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. సిమ్మన్స్ కంపెనీ దాన్ని మిషన్లతో చేసి 1925లో బ్యూటీరెస్ట్ పేరుతో అమ్మింది. ఇప్పుడు షాపువాళ్ళు 'పాకెట్ కాయిల్' అని ఊరిస్తూ చెప్పేది నూరేళ్ళు దాటిన ఆ పాత ఆలోచనే.

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. ఆ తీగెల వల పడకలు కొన్నేళ్ళకి మధ్యలో ఉయ్యాలలా దిగిపోయేవి. వాటిమీద అణిగిపోయిన దూది పరుపు ఒకటి. అలాంటి గుంటలో పడుకున్నవాళ్ళకి నడుం పట్టెయ్యకపోతే ఆశ్చర్యం. డాక్టర్లు కనిపెట్టిన మందు తేలికైనది: పరుపుకింద ఓ చెక్క వెయ్యండి. నిజంగానే అది పనిచేసేది, ఎందుకంటే గుంట పూడేది.

దీనికి తోడు అప్పటి వైద్యంలో ఇంకో నమ్మకం బలంగా ఉండేది. 1863లో లండన్ సర్జన్ జాన్ హిల్టన్ విశ్రాంతి, నొప్పి అన్న విషయం మీద పుస్తకం అచ్చువేశాడు. నొప్పిగా ఉన్న భాగాన్ని కదలకుండా ఉంచితే ప్రకృతి దాన్ని బాగుచేస్తుందన్నది దాని సారాంశం. ఈ ఆలోచన ఎముకల వైద్యంలోకి గట్టిగా దిగింది. 1934లో బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కడం వల్ల కాలులోకి నొప్పి పాకుతుందని చూపించారు. ఇక నడుంనొప్పి అంటే ఏదో విరిగిపోయిందన్న భయం జనంలో కుదురుకుంది. విరిగినదాన్ని కదపకూడదు కదా. కనక వారాల తరబడి మంచం మీద, వెల్లకిలా, బల్లపరుపుగా పడుకోమనడం సర్వసాధారణమైపోయింది. నడుంనొప్పితో జీవితమంతా బాధపడ్డ ప్రెసిడెంటు కెన్నెడీ పడకలో కూడా గట్టి పరుపే ఉండేది. ఆయన ఊగే కుర్చీ ఫోటోలు మనకి తెలుసు గానీ ఈ పరుపు సంగతి చాలామందికి తెలియదు.

గమనించారా, ఈ సలహా మొత్తంలో మనిషి ఎలా పడుకున్నాడు? వెల్లకిలా. ఆసుపత్రి మంచం మీద కదలకుండా ఉన్న రోగి అన్నమాట. ఇంట్లో నిద్రపోయే మనిషి గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఇది నా అభిప్రాయం, కానీ చరిత్ర అటే చూపిస్తోంది. తర్వాత జరిగిన కొలతల్లో తేలిందేమిటంటే, పెద్దవాళ్ళు పక్కమీద ఉన్న సమయంలో సగానికి పైగా ఒత్తిగిలే ఉంటారు. గర్భిణీ స్త్రీలని చివరి నెలల్లో పక్కకి తిరిగి పడుకోమని డాక్టర్లే చెబుతారు. గురకపెట్టేవాళ్ళకీ అదే సలహా. అంటే ఎక్కువమంది పడుకునే భంగిమని పక్కనపెట్టి సలహా తయారయిందన్నమాట.

డాక్టర్లు ఇచ్చిన సలహాని కంపెనీలు ఊరికే వదులుతాయా? 1950లో సీలీ వాళ్ళు ఎముకల డాక్టర్ల సలహాతో తయారైందంటూ పోస్చర్‌పీడిక్ పరుపు తెచ్చారు. అప్పట్నుంచీ 'ఆర్థోపెడిక్' అన్న మాట పరుపుమీద ముద్రపడిపోయింది. ఆ మాట వాడటానికి ఏ డాక్టరూ ఏ పరీక్షా చెయ్యనక్కర్లేదు, అది వ్యాపారపు మాట. మన దేశంలో కూడా కొబ్బరిపీచుకి రబ్బరు పట్టించి చేసిన గట్టి పరుపులు బజార్లోకి వచ్చాక, 'ఆర్థో' అన్న అక్షరాలు లేని పరుపు కొనడానికి మనవాళ్ళు వెనకాడే పరిస్థితి వచ్చింది.

ఫోము కథ క్లుప్తంగా చెప్పుకుందాం. 1929లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో డన్‌లప్ కంపెనీ పరిశోధకులు రబ్బరు పాలని వంటింటి గిలక మిషనుతో నురగలా గిలకొట్టి, గట్టిపరిచి లేటెక్స్ ఫోము చేశారు. ఆ రోజుల్లో ప్రపంచపు రబ్బరుపాలలో పెద్ద భాగం మలయా తోటల నుంచి వచ్చేది. ఆ తోటల్లో తమిళులతోపాటు మన కోస్తా జిల్లాల నుంచి, విశాఖ వైపు నుంచి వెళ్ళిన తెలుగు కూలీలూ ఉన్నారు. తెల్లవారుజామున లేచి చెట్టుకి గాటుపెట్టి పాలు తీసిన ఆ మనుషుల నడుములు దేనిమీద వాలేవో ఎవరూ రాసిపెట్టలేదు. ఈ కార్యక్రమం మలేషియా నుంచి వినే శ్రోతల్లో ఆ కుటుంబాలవాళ్ళు ఉంటే, మీ ఇంటి పెద్దల్ని అడిగి మాకు రాయండి.

1966లో నాసా కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు విమానం సీట్లకి ఒక కొత్త ఫోము చేశాడు. ఒంటి వేడికి మెత్తబడి, ఒంటి ఆకారానికి ఒదిగి, లేవగానే నెమ్మదిగా మామూలుకి వస్తుంది. స్వీడన్‌లో దాన్ని పరుపుగా మలిచి 1991లో అమ్మకానికి పెట్టారు. మెమరీ ఫోము అంటే ఇదే. అందుకని నాసా వ్యోమగాములు దీనిమీద పడుకున్నారని షాపులో చెబితే నమ్మకండి. అది సీటు కోసం పుట్టిన సరుకు.

సరే, గట్టి పరుపు సలహాని పరీక్షించింది ఎవరు? చాలాకాలం ఎవరూ లేరు. 1981లో ఓ చిన్న పరీక్ష జరిగింది. పదిహేనుమంది రోగులు, నాలుగు రకాల పడకలు. చెక్క ఉన్న గట్టి పడకే ఎక్కువమందికి నచ్చింది, కొందరికి మాత్రం నీళ్ళ పరుపు నచ్చింది. పదిహేనుమందితో ఏం తేలుతుంది చెప్పండి! అయినా 1996లో అమెరికాలో ఎముకల డాక్టర్లని అడిగితే నలుగురిలో ముగ్గురు గట్టి పరుపే వాడమంటామని చెప్పారు.

ఈలోగా ఆ సలహాకి పునాది అయిన విశ్రాంతి సిద్ధాంతమే కదిలిపోయింది. 1986లో అమెరికాలో ఒక పరీక్ష చేసి, మామూలు నడుంనొప్పికి రెండు రోజుల విశ్రాంతి ఏడు రోజుల విశ్రాంతికి ఏమీ తీసిపోదని తేల్చారు. 1995లో ఫిన్‌లాండులో ఇంకో అడుగు ముందుకేశారు. హెల్సింకి నగర ఉద్యోగుల్లో నడుం పట్టేసినవాళ్ళని మూడు రకాలుగా విడదీశారు. మంచమెక్కినవాళ్ళకంటే, ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు. కదలకుండా పడుకోవడమే మందు కానప్పుడు, గట్టి పరుపు మాత్రం మందెలా అవుతుంది?

చివరికి 2003లో స్పెయిన్‌లో డాక్టర్ కోవాక్స్ బృందం అసలు పరీక్ష చేసింది. చాన్నాళ్ళుగా నడుంనొప్పి ఉండి, పడుకున్నప్పుడూ లేచేటప్పుడూ బాధపడే 313 మందిని తీసుకున్నారు. చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి గట్టి పరుపు, రెండో గుంపుకి మధ్యరకం పరుపు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకి చెప్పలేదు. 90 రోజుల తర్వాత చూస్తే రెండు గుంపులూ కొంత కోలుకున్నాయి గానీ, మధ్యరకం పరుపు మీద పడుకున్నవాళ్ళకి పక్కమీద నొప్పి, లేచేటప్పుడు నొప్పి, రోజువారీ పనుల్లో ఇబ్బంది, మూడూ ఎక్కువగా తగ్గాయి. ఇది లాన్సెట్ పత్రికలో వచ్చింది. దాదాపు నూరేళ్ళుగా నడుస్తున్న సలహా 90 రోజుల్లో ఓడిపోయింది! 2008లో డెన్మార్క్‌లో 160 మందితో నీళ్ళ పరుపు, మెమరీ ఫోము, గట్టి పరుపు పోల్చి చూశారు. అక్కడా గట్టిదే వెనకబడింది, కాకపోతే తేడాలు చిన్నవి. పరుపు మారిస్తే నడుంనొప్పి మాయమవుతుందని ఎవరూ చూపించలేదన్న సంగతి కూడా చెప్పాలి.

ఇక్కడ కొనుక్కునేవాళ్ళకి ఒక చిక్కుంది. స్పెయిన్ పరీక్షలో మధ్యరకం పరుపు అంకె 5.6, గట్టిదాని అంకె 2.3. ఐరోపా కొలతలో 1 అంటే బాగా గట్టి, 10 అంటే బాగా మెత్తన. అమెరికా షాపుల్లో మామూలుగా ఇది తిరగేసి ఉంటుంది, 10 అంటే బాగా గట్టి. పైగా ఒక కంపెనీ 6, ఇంకో కంపెనీ 6 ఒకటి కావు. కాబట్టి అంకెల్ని నమ్ముకుని కొనడం కంటే ఒంటిని నమ్ముకోవడం మేలు.

ఒంటిని ఎలా చూసుకోవాలి? ఒత్తిగిలి పడుకున్న మనిషిని వెనకనుంచి చూడండి. భుజం వెడల్పు, తుంటి వెడల్పు, మధ్యలో నడుం సన్నం. బల్లలాంటి పరుపైతే భుజం, తుంటి రెండు దిమ్మెల్లా ఆనతాయి, నడుం గాలిలో వేలాడుతుంది. బరువంతా ఆ రెండుచోట్లే. అందుకే చెయ్యి తిమ్మిరి, తుంటి సలుపు. మరీ మెత్తనైతే తుంటి లోపలికి దిగిపోయి వెన్ను విల్లులా వంగుతుంది. రెంటికీ మధ్య, భుజమూ తుంటీ కాస్త దిగి, నడుం కింద ఖాళీ నిండితే మెడ నుంచి తోక ఎముక దాకా వెన్ను ఒక గీతలా ఉంటుంది. షాపులో మీ ఆవిడనో మీవారినో వెనక నిలబడి ఫోనులో ఫోటో తియ్యమనండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, వెయ్యి డాలర్ల వ్యవహారం! కనీసం పది పదిహేను నిమిషాలు అలాగే పడుకోండి. వెల్లకిలా పడుకుని "బాగానే ఉంది" అని లేచి రాకండి, ఎందుకంటే రాత్రి మీరు అలా పడుకోరు.

బరువు కూడా చూసుకోవాలి. నూటపది పౌన్లున్న అమ్మకి గట్టిగా అనిపించే పరుపు, రెండువందల పౌన్లున్న అబ్బాయికి మెత్తగా ఉంటుంది. మొగుడూ పెళ్ళాలకి ఒకే పరుపు పడకపోవడం గొడవ కాదు, భౌతికశాస్త్రం. తలగడ ఎత్తు, ఒత్తిగిలినప్పుడు భుజానికీ చెంపకీ మధ్య ఉన్న ఖాళీ అంత ఉండాలి. మోకాళ్ళ మధ్య ఒక తలగడ పెట్టుకుంటే పైకాలు ముందుకి జారి నడుముని మెలితిప్పకుండా ఉంటుంది. చాలామందికి పరుపు మార్చేకంటే ముందు ఈ పది డాలర్ల తలగడ ప్రయత్నించమనే నేను చెబుతాను. పరుపు మరీ గట్టిగా ఉంటే రెండుమూడు అంగుళాల ఫోము టాపర్ పైన వేసి చూడొచ్చు. మరీ మెత్తగా ఉంటే పైన వేసేది ఏదీ పనిచెయ్యదు. కిందున్న ఫ్రేము కుంగితే చెక్క పనికొస్తుంది, పరుపే కుంగితే చెక్క కూడా దాన్ని కాపాడలేదు. కొనేటప్పుడు ఎన్ని రాత్రులు వాడి వెనక్కివ్వొచ్చో, తీసుకెళ్ళడానికి ఎంత డబ్బు పట్టుకుంటారో కాగితం మీద చదివి సంతకం పెట్టండి. స్పెయిన్‌లో తేడా చూడ్డానికి 90 రోజులు ఆగారని గుర్తుపెట్టుకుంటే, మూడో రాత్రికే తీర్పు చెప్పరు.

నొప్పి కాలులోకి పాకి తిమ్మిరో బలహీనతో ఉన్నా, మూత్రం మీద అదుపు తప్పినా, జ్వరంతో కూడిన రాత్రి నొప్పి అయినా, పరుపుల షాపు కాదు, డాక్టరు దగ్గరికే వెళ్ళాలి.

మళ్ళీ మన అమ్మానాన్నల దగ్గరికొద్దాం. వాళ్ళు కార్పెట్ మీదకి దిగడానికి గట్టిదనం మోజు ఒక్కటే కారణం కాదని నా అనుమానం. పద్నాలుగు అంగుళాల పిల్లోటాప్ పరుపు, దానికింద తొమ్మిది అంగుళాల పెట్టె, దానికింద ఇనప ఫ్రేము, అన్నీ కలిపితే మంచం వాళ్ళ నడుమంత ఎత్తు. అయిదడుగుల అమ్మ దానిమీదకి ఎగిరి ఎక్కాలి, రాత్రి రెండుసార్లు చీకట్లో జారి దిగాలి. నులక మంచం మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనేవి. నేలమీద పడుకుంటే పడిపోతామన్న భయం లేదు గానీ, అరిగిన మోకాళ్ళతో లేవడం నరకం. పరుపు కిందున్న పెట్టె తీసేసి, పల్చటి పెట్టెగానీ పలకలున్న తక్కువ ఎత్తు ఫ్రేముగానీ వెయ్యండి. అమ్మ మంచం అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, మోకాళ్ళు తొంభై డిగ్రీల దగ్గర ఉండాలి. ఎత్తు సరిచేశాక, ఆవిడ ఏ పక్కకి తిరిగి పడుకుంటారో అడిగి, అప్పుడు పరుపు సంగతి చూడండి.